ఖాళీగా తిరిగే రోజులు లెక్కవేసుకుని పాత పికప్ కొనండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

నేను గూడూరులో జూనియర్ కళాశాల అధ్యాపకుడిని, భౌతిక శాస్త్రం చెబుతాను. సైదాపురం వైపు మాకు నాలుగున్నర ఎకరాల నిమ్మతోట ఉంది. ఉదయం కళాశాలకూ, సాయంత్రం తోటకూ, మధ్యలో అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లడానికీ, ఇంటిల్లిపాదీ పెళ్లిళ్లకు వెళ్లడానికీ రెండేళ్లుగా మా ఇంట్లో ఉన్నది ఒకటే బండి. అది 2018లో తయారైన ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ పికప్, అంటే ముందు కారు లాంటి క్యాబిను, వెనుక సరుకు వేసే ట్రాలీ ఉన్న బండి; దానికి నేను రెండో యజమానిని. దాన్ని చూసినవాళ్లు దారిలో ఆపి మరీ వివరాలు అడుగుతుంటారు. గత నెలలోనే ముగ్గురు అడిగారు. వారిలో ఒకరు నా పాత విద్యార్థి. అడగడానికి ముందే ఒక బండికి బయానా ఇచ్చి వచ్చాడు, ఆర్‌సీ మాత్రం చూడలేదు. ఈ ఉత్తరం రాయాలనిపించింది అతని కోసమే. పాత కార్లు కొనేవారికి పత్రికల్లో వచ్చే సలహాలు చిన్న కార్లకు చక్కగా సరిపోతాయి గానీ, పికప్ అటు కారూ కాదు, ఇటు లారీ కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే కొనేవాళ్లు డబ్బు పోగొట్టుకుంటున్నారు.

పికప్ మీద మనసు పడినవారిని నేను మొదట అడిగే ప్రశ్న, ఏడాదిలో ఎన్ని రోజులు బరువు వేస్తారు అని. కొనడానికి ముందు నేను కూడా ఒక నోటు పుస్తకంలో ఈ లెక్క రాసుకున్నాను. కోత రోజులు, ఎరువు బస్తాలు తెచ్చిన రోజులు, డ్రిప్పు పైపులకూ మోటారు మరమ్మతుకూ తిరిగిన రోజులు అన్నీ కలిపితే 61 తేలాయి. అంటే మిగిలిన 304 రోజులు ఆ ట్రాలీలో గాలి తప్ప ఏమీ ఉండదు. ఆ 61 రోజులకే అయితే బజారులో ట్రాలీ ఆటో అద్దెకు దొరుకుతుంది. ఏడాది అద్దె మొత్తం కలిపినా పికప్‌కు వేసే నాలుగు టైర్ల ఖర్చుకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. నేను పికప్ వైపు మొగ్గడానికి వేరే కారణం ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా ప్రాంతంలో వానలు పడేటప్పుడు తోటకు వెళ్లే చివరి రెండు కిలోమీటర్లు వాగు ఇసుకలోనూ బురదలోనూ నడవాలి, ఆ దారిలోకి అద్దె ఆటోలు రావు. అటువంటి దారి లేనివారు, బరువు పని ఏడాదికి ఇరవై రోజులకు మించనివారు ఈ ఆలోచన మానుకోవడమే మేలని నా అభిప్రాయం. కొనదలచుకున్నవారు మాత్రం బరువు వేసే రోజులను చూసి కాక, ఖాళీగా తిరిగే రోజులను చూసి బండిని ఎంచుకోవాలి. ఎందుకో కింద వివరిస్తాను.

ముందు ఆర్‌సీ సంగతి. మన పెద్దవాళ్లు సీ-బుక్కు అనేవారే, ఆ కార్డు మీద వాహనం తరగతి అని ఒక గడి ఉంటుంది. చూడడానికి అచ్చు ఒకేలా ఉన్న రెండు నాలుగు తలుపుల పికప్‌లలో ఒకటి మోటారు కారుగా, మరొకటి సరుకు వాహనంగా నమోదై ఉండవచ్చు. మొదటిదానికి తెల్ల నంబరు పలక, రెండోదానికి పసుపు పలక. ఇసుజు సంస్థే వి-క్రాస్‌ను వ్యక్తిగత వాహనంగానూ, దాదాపు అదే ఆకారంలో ఉండే ఎస్-క్యాబ్‌ను వాణిజ్య వాహనంగానూ అమ్మింది. మహీంద్రా బొలెరో క్యాంపర్ కూడా సరుకు వాహనమే. నేను మొదట చూసిన బండి ఒక పాత వాహనాల వ్యాపారి దగ్గరిది. ముత్యంలా మెరుస్తున్న తెల్ల రంగు, లోపల కొత్త సీటు కవర్లు, ముందూ వెనుకా తెల్ల నంబరు పలకలు. ధర కూడా మార్కెట్టు కన్నా లక్షన్నర తక్కువ చెప్పాడు. ఆర్‌సీ అడిగితే ఫైనాన్స్ కంపెనీ దగ్గర ఉందన్నాడు. నంబరును వాహనాల వివరాలు చూపే ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే అది సరుకు వాహనం, పైగా ఫిట్‌నెస్ గడువు తీరి ఏడు నెలలైంది. పసుపు పలకలు తీసేసి తెల్లవి బిగించి అమ్మకానికి పెట్టాడన్నమాట. నేను అడగకపోతే అతను చెప్పేవాడు కాదు, అడిగిన తరువాత కూడా అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు మాట్లాడాడు.

అది పెద్ద విషయమే. సరుకు వాహనానికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. ఆ పరీక్షకు బండి నిలబెట్టడానికి ఒక పనిరోజు పోతుంది. మోటారు కారుగా నమోదైనదానికి 15 ఏళ్ల దాకా ఆ బెడద లేదు, ఆ తరువాత అయిదేళ్లకోసారి నమోదు పునరుద్ధరించుకుంటే చాలు. బీమాలో తేడా ఇంకా ఎక్కువ. 2022 జూన్‌లో అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,500 సీసీ దాటిన సొంత కారుకు ఎదుటివారి నష్టానికి తప్పనిసరిగా తీసుకునే థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 7,897 రూపాయలు. కిరాయికి సరుకు మోసే 7,500 కిలోల లోపు పబ్లిక్ క్యారియర్‌కు 16,049 రూపాయలు. జాతీయ రహదారి టోలు కూడా కారుకు ఒక రేటు, తేలికపాటి వాణిజ్య వాహనానికి మరో రేటు. లైసెన్సు విషయంలో మాత్రం ఒక ఊరట ఉంది: 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని సాధారణ తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్పు చెప్పింది. అంతమాత్రాన పసుపు పలక బండి వద్దని నేను అనడం లేదు. నిత్యం బరువు వేసేవారికి అదే సరైనది. తెల్ల పలక బండి అనుకుని పసుపు పలక బండిని కొనవద్దని మాత్రమే నా మనవి.

నిత్యం బరువు వేసేవారికి పసుపు పలకే సరైనదని ఎందుకన్నానంటే, మోటారు కారుగా నమోదైన పికప్ మోయగలిగింది జనం అనుకునేదానికంటే చాలా తక్కువ. ఆర్‌సీ మీద మొత్తం బరువు, ఖాళీ బరువు అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిదాంట్లో నుంచి రెండోది తీసేస్తే మా బండికి ఆరు వందల కిలోల చుట్టుపక్కల మిగులుతుంది. అందులో మనుషులు కూడా ఉన్నారు. మనిషికి 75 కిలోల చొప్పున అయిదుగురికి 375 పోతే, ట్రాలీకి మిగిలేది రెండు వందల పైచిలుకు మాత్రమే. మా వైపు నిమ్మకాయల బస్తా ఎనభై కిలోల దాకా తూగుతుంది. అంటే ఇంటివారంతా ఎక్కితే మూడో బస్తాకు చోటు లేదు. నేనొక్కడినే నడిపితే ఆరు బస్తాల దాకా వేయవచ్చు. అదే ఎస్-క్యాబ్ వంటి వాణిజ్య రకం సుమారు టన్ను మోస్తుంది. ఆ నిడివి గల ట్రాలీ చూసి ఇరవై బస్తాలు ఎక్కిస్తే ఇనుము వెంటనే విరగదు గానీ, ఆ బరువు బ్రేకుల మీదా వెనుక ఇరుసు మీదా పడుతుంది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది కూడా ఆ బరువు గురించే. పక్క తోటలవాళ్లు తమ కాయలు కూడా వేసుకుపొమ్మని, కిరాయి ఇస్తామని నన్ను అడుగుతుంటారు. సొంత వాహనంలో కిరాయికి సరుకు వేయడం బీమా షరతులకు విరుద్ధం కనుక, అలవాటైన స్నేహాలు చెడినా సరే, నేను ఒప్పుకోవడం లేదు.

ఇక బండ్ల విషయానికి వస్తే, ఈ తరహాలో పాతవి దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. టాటా జెనాన్ ఎక్స్‌టీ, మహీంద్రా స్కార్పియో గెటవే ఇప్పుడు కొత్తవి రావు. ధర తక్కువ కదా అని వీటి వెంట పడేవారు ఉన్నారు. జెనాన్ 2.2 లీటర్ల ఇంజను సఫారీలోనిదే, తరువాతి గెటవే ఎంహాక్ ఇంజను స్కార్పియోలోనిదే కాబట్టి ఇంజను సామాను ఏ పట్టణంలోనైనా దొరుకుతుంది. దొరకనివి వెనుక తలుపు, వెనుక లైట్లు, ట్రాలీ పక్క రేకులు. పికప్‌కు ప్రత్యేకమైనవి అవే, దెబ్బ తగిలేవీ అవే. పైగా వీటిలో చాలావరకు 15 ఏళ్లకు చేరువలో ఉన్నాయి లేదా దాటాయి. టయోటా హైలక్స్ మన దేశంలోకి 2022 జనవరిలో వచ్చింది, 2.8 లీటర్ల డీజిలు ఇంజను, గట్టి బండి, సందేహం లేదు. పాతవి మార్కెట్టులోకి రావడమే అరుదు, వచ్చినా కొత్తదాని ధరకు పెద్ద తేడా ఉండదు. చివరకు మామూలు ఉద్యోగికి మిగిలేది ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్. అది తయారయ్యేది మన తడ పక్కన శ్రీసిటీలో. కర్మాగారం, వి-క్రాస్ రెండూ 2016లోనే మొదలయ్యాయి. మొదట్లో వచ్చినవి 2.5 లీటర్లు, 134 హార్స్‌పవర్, అయిదు గేర్లు. 2019లో 1.9 లీటర్ల ఇంజనుతో ఆటోమేటిక్ కూడా చేరింది. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొంత విరామం తీసుకుని, 2021లో 163 హార్స్‌పవర్ ఇచ్చే 1.9 లీటర్ల ఇంజనుతో తిరిగి వచ్చింది. దీనిలోనే రెండు చక్రాల డ్రైవ్ రకాలూ ఉన్నాయి, నాలుగు చక్రాల డ్రైవ్ రకాలూ ఉన్నాయి.

పాతదా, 2021 తరువాతిదా అన్నది మీ రోజువారీ ప్రయాణం చెప్పాలి. బీఎస్-6 డీజిలు బండ్లలో పొగ గొట్టంలో మసిని పట్టే ఒక ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు కాసేపు ఆగకుండా, మంచి వేగంతో నడవాలి. రోజూ ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు మూడేసి కిలోమీటర్లు తిరిగే బండిలో ఆ వేడి పుట్టదు; ఫిల్టర్ నిండి, హెచ్చరిక దీపం వెలిగి, చివరకు ఇంజను శక్తి తగ్గిపోతుంది. ఊళ్లోనే తిరిగేవారు బీఎస్-6 పాత డీజిలు బండి కొనేటప్పుడు ఈ దీపం ఎన్నిసార్లు వెలిగిందో, ఫిల్టర్ ఎప్పుడైనా మార్చారో సర్వీసు చరిత్రలో తప్పక చూడాలి. నాకు హైవే మీద రోజూ తిరుగుడు ఉన్నా, ధర చేతికి అందేది 2018 బండే కనుక దానినే తీసుకున్నాను. అందులో ఈ ఫిల్టర్ బాధ లేదు. లీటరుకు పదకొండు కిలోమీటర్లు ఇస్తుంది, హైవే మీద ఇంకొకటి కలుస్తుంది.

నేను దాదాపు కొనేసి, చివరి నిమిషంలో వదిలేసిన రెండో బండి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది చేపల, రొయ్యల చెరువుల ప్రాంతం నుంచి వచ్చింది. 2017 మోడలు, నలభై వేల కిలోమీటర్లే తిరిగినట్టు మీటరు చూపిస్తోంది. తెల్ల పలక, మోటారు కారు తరగతి, బాకీలు లేవు. కాగితాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. నాతో నెల్లూరు నుంచి ఒక మెకానిక్ వచ్చాడు, నా కంటే పదేళ్లు చిన్నవాడు. నేను బానెట్ ఎత్తి ఇంజను వింటుంటే అతను, "సార్, పైన ఏముంటది? కింద పడుకుని చూడండి" అని ఒక గోనెపట్టా పరిచి టార్చి నా చేతికి ఇచ్చాడు. ఛాసిస్ అంతా కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంది. రెండు రూపాయల నాణెం తీసి వెనుక కమాన్ కట్ట, అంటే బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు, బిగించే చోట గీకాడు. రంగు పెచ్చుగా లేచింది, దాని వెనుక బిస్కెట్ పొరల్లా తుప్పు ఊడి నా కళ్లద్దాల మీద పడింది. తరువాత ట్రాలీలో పరిచిన ప్లాస్టిక్ లైనర్‌ను ఒక మూల స్క్రూలు విప్పి పైకెత్తాడు. ఎండిన రొయ్యల మేత వాసన గుప్పుమంది. కింద రేకు మీద ఉప్పు తెల్లగా పేరుకుని, మడత దగ్గర నా వేలు దూరేంత రంధ్రాలు రెండు కనిపించాయి. ఆ బండి మూడు నాలుగేళ్లు ఉప్పునీటి డ్రమ్ములు మోసింది. కిలోమీటర్లు తక్కువ తిరిగిందన్నది నిజమే అయి ఉండవచ్చు; చెరువు గట్టు మీద రోజుకు ఆరు కిలోమీటర్లు తిరిగే బండికి మీటరు ఏం పెరుగుతుంది? పికప్ ఛాసిస్ విడిగా, దాని మీద క్యాబిను, ట్రాలీ విడివిడిగా బిగించి ఉంటాయి. రేకు పోతే మార్చుకోవచ్చు గానీ ఛాసిస్ తుప్పు పడితే అతుకులు వేసి నడపడం ప్రాణాలతో ఆట. కోస్తా జిల్లాల బండి ఏదైనా సరే, లైనర్ ఎత్తకుండా, నాణెంతో గీకకుండా డబ్బు ఇవ్వవద్దు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే మనకు సమాధానం.

బరువు మోసిన గుర్తులు కూడా కిందే కనిపిస్తాయి. కమాన్ కట్టలో కంపెనీ ఇచ్చిన పట్టీలకు తోడు, రంగు తేడాగా ఉన్న అదనపు పట్టీ ఒకటి కనబడితే ఆ బండి మోయకూడని బరువు మోసిందన్నమాట. విరిగిన పట్టీ, వదులైన బుష్షులు, వెనుక తలుపు మూసినప్పుడు ఒక పక్క కిందికి జారి ఉండడం, ట్రాలీ నేల రేకులో వరసగా గుంటలు, ఇవన్నీ ఆ మాటనే చెబుతాయి. టైరు పక్కన నాలుగంకెల గుర్తులో మొదటి రెండు వారాన్నీ, చివరి రెండు సంవత్సరాన్నీ చెబుతాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం. గీతలు లోతుగా ఉన్నా ఏడెనిమిదేళ్ల టైరును నమ్మకూడదు. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండిని అమ్మేవాడి మాట మీద కాక, మట్టి నేల మీదికి తీసుకువెళ్లి నాలుగు చక్రాలూ లాగే 4హెచ్‌లోనూ, బండి ఆపి, తక్కువ వేగంలో ఎక్కువ బలంతో లాగే 4ఎల్‌లోనూ వేసి చూడాలి. ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే ఆ యంత్రాంగం బిగుసుకుపోతుంది. అదే సమయంలో, పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో తిప్పి చూపించేవారి బండి కొనకండి. ఇటువంటి పికప్‌లలో ముందు, వెనుక ఇరుసులు అప్పుడు ఒకే వేగంతో కలిసి తిరుగుతాయి. మలుపులో వాటికి వేర్వేరు వేగాలు కావాలి, పట్టున్న రోడ్డు మీద ఆ తేడాకు వీలు లేక గేర్లు నలుగుతాయి.

ఇప్పుడు ఖాళీగా తిరిగే రోజుల సంగతి. వెనుక కమాన్ కట్టలు బరువు కోసం గట్టిగా కట్టినవి. బరువు లేనప్పుడు అవి వంగవు, ఎగురుతాయి. ముందు సీట్లో కూర్చున్న యజమానికి అది పెద్దగా తెలియదు. వెనుక సీట్లో కూర్చున్న వారికి ప్రతి స్పీడ్ బ్రేకరూ నడుముకు తెలుస్తుంది. కాబట్టి బండి పరీక్షించేటప్పుడు మీరు నడపకండి. వేరొకరిని నడపమని, ఖాళీ ట్రాలీతో, మీరు రోజూ వెళ్లే దారిలోనే, వెనుక సీట్లో అరగంట కూర్చోండి. మా అమ్మకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. క్యాబిను వెనుక గోడకు సీటు ఆనుకుని ఉంటుంది కాబట్టి వీపు నిటారుగా ఉంటుంది, వాల్చడానికి వీలుండదు. ఎక్కడానికి మొదట్లో మా ఇంట్లో పూజ పీట తెచ్చి వేసేవాళ్లం. తరువాత పక్క మెట్టు పెట్టించి, పై పట్టీ పట్టుకుని ముందు సీట్లోకే ఎక్కడం ఆమెకు అలవాటైంది. ఆమె ముందు కూర్చుంటారు, నా భార్య పిల్లలతో వెనుక కూర్చుంటుంది. టైర్లలో గాలి కూడా చూడాలి. తలుపు పక్క స్తంభం మీద ఖాళీకి ఒక అంకె, బరువుకు ఒక అంకె అంటించి ఉంటాయి. నేను కొన్నప్పుడు వెనుక టైర్లలో బరువుకు సరిపడే గాలి నిండా ఉంది. ఖాళీ అంకెకు దించగానే సగం ఎగుడుదిగుడు తగ్గింది. తడి రోడ్డు మీద మాత్రం జాగ్రత్త అవసరం. రెండు చక్రాల డ్రైవ్‌లో లాగేవి వెనుక చక్రాలు, వాటి మీద బరువు తక్కువ. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనుక భాగం పక్కకు జారుతుంది. ఇది నేను తరగతిలో ఘర్షణ బలం పాఠంలో చెప్పే విషయమే అయినా, మొదటి వానాకాలంలో ఒకసారి గూడూరు శివారు మలుపులో అనుభవంతో తెలుసుకున్నాను.

దాని కొలతలు కూడా రోజూ మనతో ఉండే విషయమే. మా వి-క్రాస్ పొడవు 5,295 మిల్లీమీటర్లు, అంటే పదిహేడు అడుగుల నాలుగంగుళాల పైన. వెడల్పు 1,860 మిల్లీమీటర్లు. హైలక్స్ పొడవు ఇంకొంచెం ఎక్కువ, 5,325. మా పోర్టికో పొడవు గేటు దాకా పదహారడుగుల ఎనిమిదంగుళాలు. టేపు పట్టుకుని ముందే కొలుచుకున్నాను కాబట్టి, గేటును ముందుకు జరిపి బిగించడానికి పద్దెనిమిది వేలు అదనంగా పెట్టుకుని బండి కొన్నాను. కొలుచుకోని ఒక మిత్రుడి బండి ఇప్పటికీ వీధిలో నిలబడుతుంది; రెండుసార్లు అద్దం విరిగింది. బజారు సందుల్లో మలుపు ఒక్కసారికి తిరగదు, వెనక్కి తీసి మళ్లీ తిప్పాలి. మా నాన్నగారు వాడిన కారు లాగా ఉంటుందనుకుని ఎవరూ భ్రమపడకూడదు.

పాత బండికి ముందు కట్టిన ఇనుప కమ్మీల గార్డులు, ఎత్తు పెంచే సామాను, అసలు కొలతకు మించిన టైర్లు ఉంటే కొందరు దాన్ని లాభంగా భావిస్తారు. నేను దాన్ని నష్టంగానే చూస్తాను. ముందు గార్డులు పాదచారులకూ, ఎయిర్‌బ్యాగుల పనితీరుకూ ప్రమాదమని వాటిని తొలగించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన రూపం నుంచి తప్పించిన మార్పులు చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. ఆ సామాను తీసేయించడానికయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

ఢిల్లీ నుంచి వచ్చే బండ్ల గురించి ఒక మాట. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు వాహనాలపై 2015లో హరిత ట్రిబ్యునల్ విధించిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ ఆంక్షల వల్ల అక్కడి డీజిలు బండ్లు చాలా ఏళ్లు చవకగా ఇటు వచ్చాయి. అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రమైన ఎన్‌ఓసీ, ఫైనాన్స్ ఉంటే దాని రద్దు పత్రం, ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్స్, ఈ మూడూ లెక్కలోకి తీసుకున్నాక కూడా చవకగా ఉంటేనే ఆలోచించాలి. ఏ ఊరి బండి అయినా, కొన్న 30 రోజుల లోపు యాజమాన్యం మార్పుకు దరఖాస్తు చేయాలి, 14 రోజుల లోపు బీమాను మన పేరిట మార్పించుకోవాలి. అమ్మేవారికి కూడా ఇది ముఖ్యమే. ఆర్‌సీలో పేరు ఎవరిదో వారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పాత యజమాని ఫాస్టాగ్‌ను మూయించి మన పేరిట కొత్తది తీసుకోవడం, పాత చలానాలు చూసుకోవడం ఒక పూట పని.

ట్రాలీలో మనుషులను ఎక్కించడం గురించి కొంత ఆవేదనతోనే రాస్తున్నాను. తోటకు కోతకు వచ్చే ఆడవాళ్లు ఎనిమిది మంది. మొదటి రోజు అందరూ అలవాటుగా ట్రాలీ ఎక్కి కూర్చున్నారు. చంకలో బిడ్డతో ఉన్న తల్లి వెనుక తలుపు అంచున కూర్చుంది. దిగమంటే చిన్నబుచ్చుకున్నారు. పక్క తోటలవాళ్లు అలాగే తీసుకువెళుతున్నారు కదా అన్నారు. గతుకుకు ఖాళీ ట్రాలీ ఎంత ఎగురుతుందో పైన రాశాను. పట్టుకోవడానికి కమ్మీ కూడా లేని ఆ రేకు మీద మనిషిని కూర్చోబెట్టి అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లడం నా మనసుకు ఒప్పలేదు. సరుకు వాహనంలో ఊరికే ఎక్కించుకున్నవారికి జరిగే నష్టానికి బీమా కంపెనీ బాధ్యత వహించదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది కూడా. ఇప్పుడు క్యాబినులో నలుగురి చొప్పున రెండు ట్రిప్పులు వేస్తున్నాను. రోజుకు ముప్పావుగంట, లీటరున్నర డీజిలు ఎక్కువవుతాయి. పికప్ కొనే ప్రతి ఒక్కరూ కొనకముందే ఇంటివారితోనూ, కూలీలతోనూ ఈ మాట తేల్చుకోవాలని వేడుకుంటున్నాను.

సంపాదకులు గారూ, మీకొక మనవి. మీ పత్రిక వర్గీకృత ప్రకటనల్లో వారం వారం పాత పికప్‌లు అమ్మకానికి వస్తున్నాయి. వాటిలో రంగు, మోడలు, ధర, ఫోను నంబరు ఉంటున్నాయి. ఆర్‌సీలో ఉన్న వాహన తరగతి మాత్రం ఉండడం లేదు. పికప్ అమ్మకం ప్రకటన తీసుకునేటప్పుడు మోటారు కారా, సరుకు వాహనమా అన్న ఒక్క మాటనూ, నమోదైన రాష్ట్రాన్నీ, ఎన్నో యజమాని అమ్ముతున్నారన్నదానినీ తప్పనిసరిగా అడిగి అచ్చు వేయించండి. ప్రకటనకు ఒక్క పంక్తి పెరుగుతుంది. బయానా ఇచ్చిన నా విద్యార్థి బండి కూడా ఇటువంటి ప్రకటనలోనే దొరికిందట. శనివారం అతనితో పాటు నేనూ ఆ బండి చూడడానికి వెళుతున్నాను. టార్చి, గోనెపట్టా, రెండు రూపాయల నాణెం తెచ్చుకోమని చెప్పాను.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు,
గూడూరు